జట్టు కట్టాలంటే కేడా, లామెలోనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే బాస్కెట్‌బాల్ గొడవ చుట్టూ తిరిగాయి కాబట్టి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి దీనికే చోటిస్తున్నాను. క్రికెట్ గురించి అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా ఓపిక పట్టాలి. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ 2024-25 సీజన్ ముగిసేవరకు ఉన్నవి.

ప్రశ్న: సార్, మా అన్నదమ్ముల మధ్య ఈ పంచాయితీ ఎంతకీ తెగట్లేదు. మీ చేతికి ఒక ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు అప్పజెప్పి, కేడ్ కన్నింగ్‌హామ్, లామెలో బాల్ ఇద్దరిలో ఒక్కరినే తీసుకుని మిగతా జట్టంతా అతని చుట్టూ కట్టమంటే ఎవరిని తీసుకుంటారు? నా ఓటు లామెలోకి, మా తమ్ముడిది కేడ్‌కి. "ఇద్దరూ బాగా ఆడతారు" అని గోడ మీద పిల్లిలా తప్పించుకోకండి. ఒక్క పేరు చెప్పండి.

జవాబు: కేడ్. మీ తమ్ముడిని పండగ చేసుకోమనండి.

కానీ ఇది అంత తేలిగ్గా తేలే విషయం కాదు, ఎందుకంటే కాగితం మీద చూస్తే ఇద్దరికీ పెద్ద తేడా కనపడదు. ఇద్దరూ 2001లోనే పుట్టారు, లామెలో ఆగస్టులో, కేడ్ సెప్టెంబర్‌లో. 2020 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) షార్లట్ హార్నెట్స్ లామెలోని మూడో స్థానంలో తీసుకుంటే, 2021లో డెట్రాయిట్ పిస్టన్స్ కేడ్‌ని అందరికంటే ముందు తీసుకుంది. ఒకరి ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు, ఇంకొకరిది అంతకంటే ఒక్క అంగుళం తక్కువ, పాయింట్ గార్డ్‌లలో (బంతి పట్టుకుని ఆట నడిపించేవాళ్లలో) ఇద్దరూ పొడగరుల కిందే లెక్క. 2024-25లో కేడ్ సగటు మ్యాచ్‌కి 26.1 పాయింట్లు, లామెలోది 25.2. అసిస్ట్‌లలో, అంటే సహచరుడు పాయింట్లు కొట్టేలా ఇచ్చిన పాస్‌లలో, మాత్రం 9.1, 7.4 అని కాస్త ఎడం ఉంది. ఇంత దగ్గరగా ఉన్నవాళ్ల విషయంలో "ఎవరు గొప్ప" అని వాదించుకుంటూ కూర్చుంటే తెల్లారినా తేలదు.

అందుకే నేను వాళ్ల లోట్ల వైపు నుంచి వస్తాను. లోట్లు లేని ఆటగాడు ఎక్కడా దొరకడు. జట్టు కట్టేవాడు చూసుకోవాల్సింది, ఆ లోటుని పక్కన తగినవాళ్లని పెట్టి పూడ్చేయగలమా, లేక ఆ మనిషే మారితే తప్ప పోని లోటా అని. మొదటి రకమైతే డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. రెండోదైతే ఎదురు చూడటం తప్ప మన చేతిలో ఏమీ ఉండదు.

కేడ్‌ది మొదటి రకం. అతను మెరుపు వేగం ఉన్నవాడేం కాదు, మొదటి అడుగుతోనే ఎవరినీ వెనక వదిలేసి పోలేడు. త్రీలలో (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో) 35.6 శాతం, అది సరిపోతుంది కానీ భయపెట్టదు. బంతి పోగొట్టుకోవడం ఎక్కువ, 2024-25లో మ్యాచ్‌కి 4.4 టర్నోవర్లు, అది మాత్రం నిజంగా చిరాకు పుట్టించే అంకె. ఇలాంటివాడికి కావాల్సింది కోర్టు మీద చోటు. 2023-24లో డెట్రాయిట్ అతనికి ఆ చోటే ఇవ్వలేదు. బయట నుంచి వేసే షూటర్లు సరిపడా లేరు, దాంతో ఎదుటి జట్లు రింగ్ కింద గుమిగూడి కూర్చునేవి, కేడ్ ఎటు తిరిగినా మూడు జతల చేతులు కనపడేవి. ఆ ఏడాది వరసగా 28 మ్యాచ్‌లు ఓడారు. 2023 డిసెంబర్ 26న బ్రుక్లిన్ నెట్స్ మీద కేడ్ ఒక్కడే 41 పాయింట్లు కొట్టాడు, అయినా ఓడి, ఒకే సీజన్‌లో వరసగా 27 ఓటములనే రికార్డు మూటగట్టుకున్నారు. సీజన్ చివరికి 14 గెలుపులు, 68 ఓటములు.

తర్వాత డెట్రాయిట్ చేసిందేమైనా బ్రహ్మవిద్యా? కాదు. కోచ్ మాంటీ విలియమ్స్‌ని పంపించి జె.బి. బికర్‌స్టాఫ్‌ని తెచ్చుకుంది. టొబయస్ హ్యారిస్‌ని రెండేళ్లకి 5.2 కోట్ల డాలర్లకి తీసుకుంది, మలీక్ బీస్లీని ఒక్క ఏడాదికి 60 లక్షల డాలర్లకి తీసుకుంది, టిమ్ హార్డవే జూనియర్‌ని డల్లాస్ వాళ్లు వదిలించుకుంటుంటే పట్టుకుంది, పైపెచ్చు ఆ బేరంలో డల్లాస్ నుంచి డ్రాఫ్ట్ రెండో రౌండ్ పిక్‌లు (ఎంపిక హక్కులు) కూడా లాక్కుంది. ముగ్గురూ వయసులో పెద్దవాళ్లే, ముగ్గురూ బయట నుంచి షాట్ వేయగలిగినవాళ్లే, ఒక్కడు కూడా సూపర్‌స్టార్ కాదు. ఫలితం 44 గెలుపులు. 14 నుంచి 44, అంటే ఒక్క ఏడాదిలో మూడు రెట్లకు పైగా! బీస్లీ ఒక్కడే ఆ సీజన్‌లో 319 త్రీలు వేశాడు, వాటిలో చాలా వరకు కేడ్ ఇద్దరు డిఫెండర్లని తన మీదికి లాక్కున్నాక వచ్చినవే.

అతను ఎలా లాగుతాడో ఒకసారి గమనించి చూడండి, బాగుంటుంది. సహచరుడు జేలెన్ డ్యూరెన్ వచ్చి స్క్రీన్ పెడతాడు, అంటే కేడ్‌ని కాస్తున్నవాడి దారికి అడ్డంగా నిలబడతాడు. కేడ్ దాన్ని రాసుకుంటూ దాటుతాడు కానీ వెంటనే రింగ్ వైపు దూకడు. ఒక డ్రిబుల్ వేసి వేగం తగ్గిస్తాడు, స్క్రీన్‌కి తగిలి వెనకబడిన డిఫెండర్‌ని అలాగే తన వీపు మీద పెట్టుకుంటాడు, భుజం అడ్డం పెట్టి ముందుకి రానివ్వడు. ఇప్పుడు ఎదురుగా ఉన్న సెంటర్ (రింగ్ దగ్గర కాపలా కాసే పొడగరి) ఒక్కడే కేడ్‌నీ డ్యూరెన్‌నీ కాయాలి. అతను కేడ్ మీదికి అడుగు వేశాడా, బంతి పైకి లేస్తుంది, డ్యూరెన్ గాల్లోనే అందుకుని డంక్ కొడతాడు. వెనక్కి తగ్గాడా, కేడ్ అక్కడే లేచి మిడ్ రేంజ్ షాట్ వేస్తాడు. సాయం చేద్దామని కార్నర్‌లో ఉన్నవాడు లోపలికి తొంగి చూశాడా, ఆ కార్నర్‌కే పాస్ వెళ్తుంది. ఇందులో కళ్లు చెదిరేది ఏమీ లేదు, చూసేవాడికి ఒక్కోసారి నిదానంగా కూడా అనిపిస్తుంది. కానీ మిగతా నలుగురికీ బంతి ఎప్పుడు, ఎక్కడికి వస్తుందో ముందే తెలుసు. కొత్తగా వచ్చినవాళ్లు ఒక్క వేసవిలో కుదురుకోగలిగింది అందుకే.

లామెలో పాస్ చేసే తీరు వేరు, ఆ విషయంలో మీ అభిమానం నాకు బాగా అర్థమవుతుంది. రీబౌండ్ (గురి తప్పి తిరిగొచ్చిన బంతి) చేతిలో పడిందో లేదో బంతి ఒంటి చేత్తో కోర్టు అవతలి చివరకి వెళ్లిపోతుంది, అక్కడ సహచరుడు మైల్స్ బ్రిడ్జెస్ ఒంటరిగా పరిగెడుతున్నాడని అతను ఎప్పుడు చూశాడో మనకే కాదు, ఎదుటి జట్టుకి కూడా తెలియదు. ఆ చూపు నేర్పితే వచ్చేది కాదు. కేడ్‌కి అది లేదు. లామెలోతో చిక్కంతా ఆట నెమ్మదించి సగం కోర్టులో కూర్చున్నప్పుడు వస్తుంది. షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఉన్న గడువు చూపే గడియారం) మీద ఇంకా బోలెడు సమయం ఉండగానే ఒంటి కాలి మీద గెంతి త్రీ వేసేస్తాడు, కార్నర్‌లో ఇద్దరు చేతులు చాచి నిలబడి ఉంటారు. 2024-25లో మ్యాచ్‌కి 11.2 త్రీలు వేసి 33.9 శాతం రింగ్‌లో వేశాడు, మొత్తం షాట్లు తీసుకుంటే 40.5 శాతం. ఎంత మంచి షూటర్‌ని కొని పక్కన నిలబెట్టినా ఆ షాట్ వేయాలా వద్దా అని తేల్చుకునేది లామెలోనే. అక్కడ నా డబ్బుకి పని లేదు.

ఇక గాయాలు. ఇక్కడ కేడ్ అభిమానులు కూడా కొంచెం తగ్గి మాట్లాడాలి. లామెలో అయిదు సీజన్లలో 400 మ్యాచ్‌లకి 231 ఆడితే, కేడ్ నాలుగు సీజన్లలో 328కి 208 ఆడాడు. శాతాలు వేస్తే 58కి 63, పెద్ద తేడా కాదు. కానీ కేడ్ పోగొట్టుకున్నవాటిలో 70 మ్యాచ్‌లు ఒకే ఏడాదివి, 2022-23లో మోకాలి కింది ఎముకకి ఆపరేషన్ అయినప్పటివి. మిగతా మూడేళ్లు 64, 62, 70. లామెలో చివరి మూడు సీజన్లు చూస్తే 36, 22, 47. అంటే 246 మ్యాచ్‌ల్లో 105. దానికి తోడు ఎక్కువసార్లు దెబ్బ తగిలింది చీలమండలకే.

ప్రశ్న: మీరు చెప్పింది ఒప్పుకోను. డెట్రాయిట్ కేడ్‌కి షూటర్లని కొనిపెట్టింది, హార్నెట్స్ లామెలోకి ఏం ఇచ్చింది? చుట్టూ మనుషులు సరిగ్గా ఉన్న ఒకే ఒక్క ఏడాది 43 మ్యాచ్‌లు గెలిపించాడు. అదెందుకు దాచారు?

జవాబు: దాచలేదండీ, మీలాంటివాళ్లు అడుగుతారని ఆగాను. 2021-22లో లామెలో 75 మ్యాచ్‌లు ఆడాడు, 20.1 పాయింట్లు, 7.6 అసిస్ట్‌లు, 20 ఏళ్లకే ఆల్‌స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కి ఎంపిక). టెర్రీ రోజియర్, బ్రిడ్జెస్, గోర్డన్ హేవర్డ్ పక్కన ఉన్నారు, లీగ్‌లో బాగా పాయింట్లు కొట్టే జట్లలో అదొకటి, మీరన్నట్టే 43 గెలుపులు. ఆ ఏడాది చూసినవాడెవడూ లామెలోతో జట్టు కట్టలేం అని అనడు, నేనూ అనలేదు.

ఆ సీజన్ చివర్లో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి కదా. ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివరి నాకౌట్ దశకి) చేరడానికి ఆడే ప్లే-ఇన్ మ్యాచ్‌లో అట్లాంటా చేతిలో 132-103 తేడాతో చిత్తయ్యారు, ఆ వెంటనే కోచ్ జేమ్స్ బొరేగోని తీసేశారు. ఆ తర్వాత స్టీవ్ క్లిఫర్డ్, ఆయన తర్వాత చార్లెస్ లీ. అయిదేళ్లలో ముగ్గురు కోచ్‌లు. 2023లో రెండో పిక్‌తో తెచ్చుకున్న బ్రాండన్ మిల్లర్ కూడా 2024-25లో 27 మ్యాచ్‌లకే మణికట్టు దెబ్బతో కూర్చున్నాడు. ఇందులో లామెలో తప్పేమీ లేదు. ఆ సంస్థ 2016 తర్వాత ప్లేఆఫ్స్ మొహమే చూడలేదు, అప్పటికి లామెలో హైస్కూల్ పిల్లాడు.

కాకపోతే కోచ్‌ల సంగతికొస్తే కేడ్ కూడా నాలుగేళ్లలో ముగ్గురి కింద ఆడాడు. జట్టు బాగోలేనప్పుడు కూడా అతని ఆట ఏడాదికేడాది పెరిగింది, 17.4 పాయింట్ల నుంచి 22.7కి, అక్కడి నుంచి 26.1కి. నేను డెట్రాయిట్ 14 మ్యాచ్‌లు గెలిచిన ఏడాదిని చూసే కేడ్‌ని నమ్మాను, 44 గెలిచిన ఏడాది అందరూ నమ్మారు. 28 వరస ఓటముల మధ్యలో ఒక కుర్రాడు షాట్లు ఎడాపెడా వేసేయడం మొదలుపెడితే ఎవరూ తప్పు పట్టరు. అతను అలా చేయలేదు.

2025 ప్లేఆఫ్స్ కూడా చూడండి. న్యూయార్క్ నిక్స్ మీద మొదటి మ్యాచ్ పోయాక మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోనే రెండోది గెలిచారు, కేడ్ 33 పాయింట్లు, 12 రీబౌండ్లు. 2008 తర్వాత డెట్రాయిట్‌కి అదే తొలి ప్లేఆఫ్ గెలుపు, అంతకుముందు వరసగా 15 ఓడారు. సిరీస్ ఆరు మ్యాచ్‌లకి పోయింది నిజమే, కానీ ఓడిన నాలుగింటిలో మూడు 2, 1, 3 పాయింట్ల తేడాతో పోయాయి. చివరి నిమిషాల్లో బంతి ఎవరి చేతిలో ఉండాలో తెలిసిన జట్టు అది, న్యూయార్క్‌లో జేలెన్ బ్రన్సన్ ఇంకొంచెం బాగా తెలిసినవాడు, అంతే తేడా.

ప్రశ్న: స్టెఫ్ కర్రీకి కూడా మొదట్లో చీలమండ గాయాలే కదండీ? అతని జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్ అతన్ని వదిలేసుకుని ఉంటే ఏమయ్యేది? లామెలో విషయంలో మీరు ఆ పొరపాటే చేస్తున్నారేమో.

జవాబు: మంచి పాయింటు, ఈ నెల వచ్చినవాటిలో నన్ను కాసేపు ఆలోచించేలా చేసింది ఇదొక్కటే. 2011-12లో కర్రీ 26 మ్యాచ్‌లే ఆడాడు, చీలమండకి రెండు ఆపరేషన్లు అయ్యాయి. అప్పట్లో ఆ జట్టు అభిమానులకి మోంటా ఎల్లిస్ అంటే ప్రాణం. అయినా 2012 మార్చిలో యాజమాన్యం ఎల్లిస్‌ని మిల్వాకీకి పంపి ఆండ్రూ బోగట్‌ని తెచ్చుకుంది, కర్రీని ఉంచుకుంది. తిట్లు తిన్నారు, తర్వాత కప్పులు గెలిచారు.

కానీ రెండు తేడాలు మర్చిపోకూడదు. దెబ్బలు తగిలిన ఆ ఏడాది కూడా కర్రీ త్రీలలో 45.5 శాతం కొట్టాడు. కాలు బాగుపడితే చాలు, షాట్ గురించి బెంగ లేదు. లామెలో 33.9 దగ్గర ఉన్నాడు, కాలు బాగుపడినా షాట్ ఎంపిక సంగతి అలాగే మిగిలి ఉంటుంది.

రెండోది డబ్బు, నాకు ఇదే పెద్దది. ఆ గాయాల భయం వల్లే కర్రీ 2012లో నాలుగేళ్లకి 4.4 కోట్ల డాలర్లకి సంతకం పెట్టాడు. అంటే రిస్క్‌ని ధరలో తగ్గించుకున్నారు. జీతాల పరిమితిలో అలా మిగిలిన చోటు వల్లే 2013లో ఆండ్రే ఇగ్వోడాలా రాగలిగాడు, 2015 ఫైనల్స్‌లో అతనికే మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ అవార్డు వచ్చింది. లామెలో కాంట్రాక్టు అయిదేళ్లకి దాదాపు 20.4 కోట్ల డాలర్లు, పూర్తి మ్యాక్స్, అంటే రూల్స్ ప్రకారం అతనికి ఇవ్వగలిగిన గరిష్ఠం. గాయాల రిస్క్ మొత్తం జట్టుదే, తగ్గింపు మాత్రం ఒక్క డాలరు కూడా లేదు.

ప్రశ్న: డబ్బు సంగతి తెచ్చారు కాబట్టి అడుగుతున్నా, కేడ్ జీతం లామెలో కంటే ఎక్కువ కదా? మరి అతను ఖరీదు కాలేదా?

జవాబు: అయ్యాడు. కేడ్ 2024 జూలైలో సంతకం పెట్టినప్పుడు అయిదేళ్లకి 22.4 కోట్ల డాలర్లు అన్నారు, 2025లో ఆల్-ఎన్‌బీఏ (ఆ ఏడాది మేటి ఆటగాళ్ల ఎంపిక) మూడో జట్టులో చోటు రావడంతో శాలరీ క్యాప్‌లో (జట్టు జీతాల పరిమితిలో) 25 శాతంతో మొదలవ్వాల్సింది 30 శాతంతో మొదలైంది, మొత్తం 26.9 కోట్లకి చేరింది. లామెలో ఒప్పందంలో కూడా అలా పెరిగే అవకాశం ఉండేది, అతను 22 మ్యాచ్‌లే ఆడిన ఏడాది అది చేజారింది. 2023-24 నుంచి 65 మ్యాచ్‌లు ఆడకపోతే ఇలాంటి గౌరవాలకి అసలు లెక్కలోకే రారు, లామెలో 2024-25 దాకా ఒక్క ఏడాదే ఆ గీత దాటాడు.

ఇప్పటి రూల్స్‌లో ఆ 5 శాతం చిన్నదేం కాదు, ఒక మంచి ఆరో ఆటగాడి జీతం అందులో పోతుంది. జీతాల మొత్తం ఒక హద్దు దాటితే ట్రేడ్‌ల మీద కూడా ఆంక్షలు పెడుతున్నారు. అయినా నేను ఇస్తాను. ఆడేవాడికి ఎక్కువ ఇచ్చి, పక్కన చవగ్గా దొరికే షూటర్లతో నెట్టుకురావచ్చు. సూట్ వేసుకుని బెంచ్ మీద కూర్చున్నవాడికి తక్కువ ఇచ్చినా అది ఎక్కువే.

ప్రశ్న: ఇద్దరినీ ఒకే జట్టులో ఆడిస్తే పోదా గురూగారూ?

జవాబు: వీడియో గేమ్‌లో ఆడించండి, నాకేం అభ్యంతరం లేదు.

నిజం జట్లలో ఇది చేసి చూశారు. 2009 డ్రాఫ్ట్‌లో మిన్నెసోటా అయిదో పిక్‌తో రికీ రూబియోనీ ఆరో పిక్‌తో జానీ ఫ్లిన్‌నీ తీసుకుంది, వెనక వెనకే ఇద్దరు పాయింట్ గార్డ్‌లు! ఏడో పిక్ వారియర్స్‌ది, వాళ్లు కర్రీని పట్టుకుపోయారు. రూబియో రెండేళ్లు స్పెయిన్‌లోనే ఉండిపోయాడు, ఫ్లిన్ ఎన్‌బీఏలో మూడు సీజన్లకి మించి నిలవలేదు. ఆ జట్టు అభిమానులకి ఈ సంగతి గుర్తు చేయకపోతే మంచిది.

శాక్రమెంటో కథ ఇంకా మీ ప్రశ్నకి దగ్గరగా ఉంటుంది. డి'ఆరన్ ఫాక్స్, టైరీస్ హాలిబర్టన్ ఇద్దరూ అక్కడే ఉండేవాళ్లు, ఇద్దరికీ బంతి కావాలి. 2022 ఫిబ్రవరిలో ఫాక్స్‌ని ఉంచుకుని హాలిబర్టన్‌ని ఇండియానాకి ఇచ్చి డొమాంటస్ సబోనిస్‌ని తెచ్చుకున్నారు. వెంటనే చూస్తే అది తప్పు కాదు, మరుసటి ఏడాది 2023లో 16 సీజన్ల కరువు తీరి ప్లేఆఫ్స్‌కి వెళ్లారు, ఫాక్స్‌కి క్లచ్ ప్లేయర్ (మ్యాచ్ చివరి ఉత్కంఠలో బాగా ఆడేవాడు) అవార్డు కూడా వచ్చింది. కానీ 2025 ఫిబ్రవరికి ఫాక్స్ కూడా శాన్ ఆంటోనియోకి వెళ్లిపోయాడు, అదే ఏడాది జూన్‌లో హాలిబర్టన్ ఇండియానాని ఫైనల్స్‌కి తీసుకెళ్లి, మొదటి మ్యాచ్‌ని 0.3 సెకన్లు మిగిలి ఉండగా గెలిపించాడు. ఏడో మ్యాచ్‌లో మడమ పైన ఉండే అకిలీస్ టెండన్ తెగి కూలబడటం వేరే బాధ. హాలిబర్టన్‌కి ఫాక్స్ అంత వేగం లేదు, షాట్ వేసే తీరు చూస్తే బాగా నేర్చుకున్నవాడిలా ఉండదు. బంతి మాత్రం పోగొట్టుకోడు, అందరికీ అందేలా చూస్తాడు, అతని పక్కన ఆడినవాళ్లు బాగుపడతారు. ఇద్దర్లో ఒకరిని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు జట్లు ఎక్కువగా వేగానికే పడిపోతాయి.

ప్రశ్న: పాత తరంలో క్రిస్ పాల్, డెరన్ విలియమ్స్ మధ్య ఇలాంటి చర్చే నడిచిందని మా మామయ్య అంటుంటారు. ఆయన ఇప్పటికీ డెరన్ పక్షమే. ఎవరు కరెక్ట్?

జవాబు: మీ మామయ్యగారికి నమస్కారం చెప్పండి, ఆ పక్షంలో మిగిలినవాళ్లు కొద్దిమందే. 2005 డ్రాఫ్ట్‌లో యూటా జాజ్ పోర్ట్‌లాండ్‌తో బేరం చేసుకుని ఆరు నుంచి మూడో స్థానానికి ఎగబాకి మరీ డెరన్‌ని తీసుకుంది. నాలుగో స్థానంలో న్యూ ఆర్లీన్స్‌కి పాల్ మిగిలాడు. ఎత్తులో, ఒడ్డూ పొడుగులో డెరన్ పెద్దవాడు, ఎదురుబొదురు ఆడినప్పుడల్లా పాల్‌ని భుజంతో నెట్టుకుంటూ పోయేవాడు, ఆ మ్యాచ్‌ల్లో జాజ్‌దే పైచేయిగా ఉండేది. 2007లో జాజ్ వెస్ట్ ఫైనల్స్ (లీగ్ ఫైనల్స్‌కి ముందు మెట్టు) దాకా వెళ్లింది. 2008లో పాల్ తన జట్టుతో 56 మ్యాచ్‌లు గెలిపించి మోస్ట్ వాల్యుబుల్ ప్లేయర్ ఓటింగ్‌లో కోబీ బ్రయంట్ తర్వాత రెండో స్థానంలో నిలిచాడు. ఆ రోజుల్లో మీ మామయ్యగారి వాదన వాదనే, ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

తర్వాత 2011 ఫిబ్రవరిలో కోచ్ జెర్రీ స్లోన్ రాజీనామా చేశారు, అదే నెలలో డెరన్‌ని నెట్స్‌కి పంపేశారు, అక్కడ గాయాలతో ఆట కరిగిపోయి 2017కి ముగిసింది. పాల్ 2024-25లో, 40కి నెలల దూరంలో ఉండి, శాన్ ఆంటోనియో తరఫున 82కి 82 మ్యాచ్‌లూ ఆడాడు. ఇది 2005లో ఎవరికీ తెలిసే వీలు లేదు, పైగా చిన్నగా ఉన్న కుర్రాడే ముందు అరిగిపోతాడని ఎవరైనా అనుకుంటారు. ఇద్దరి జట్లకీ కప్పు రాలేదు కాబట్టి మీ మామయ్యగారు ఆ ఒక్క మాట పట్టుకుని ఇంకొన్నేళ్లు వాదించవచ్చు.

ప్రశ్న: అసలు పాయింట్ గార్డ్ చుట్టూ జట్టు కట్టడమే పాత ఆలోచన అంటున్నారు. ఇప్పుడంతా పొడుగాటి వింగ్ (కోర్టు పక్కల నుంచి ఆడే) ఆటగాళ్లదే రాజ్యం కదా?

జవాబు: 2024లో బోస్టన్ జేసన్ టేటమ్, జేలెన్ బ్రౌన్ అనే ఇద్దరు వింగ్‌లతో కప్పు గెలిచింది నిజమే. కానీ 2025లో ఓక్లహోమా సిటీని గెలిపించిన షై గిల్జస్-అలెగ్జాండర్ గార్డే, ఎదుటి జట్టుని నడిపించిన హాలిబర్టన్ కూడా గార్డే. కాలం చెల్లింది చిన్న గార్డ్‌లకి. ఎదుటి జట్టు వెతికి మరీ వాళ్ల మీదే దాడి చేస్తుంది, ఆ ఒక్కడిని దాచడానికి మిగతా నలుగురూ చాకిరీ చేయాలి. షై ఎత్తు 6 అడుగుల 6 అంగుళాలు, సరిగ్గా కేడ్ అంతే. ఎత్తు లామెలోకీ ఉంది, ఇంకా ఒక అంగుళం ఎక్కువే. బంతిని ఊహించి దొంగిలించడంలో చురుకే కానీ, తను కాయాల్సినవాడు స్క్రీన్ చుట్టూ తిరిగి వెళ్తుంటే వెంటపడే ఓపిక తక్కువ.

ప్రశ్న: సార్, మా అబ్బాయి స్కూల్ టీమ్‌లో పాయింట్ గార్డ్. రోజూ లామెలో వీడియోలే చూస్తున్నాడు, అలాగే ఆడాలని చూసి కోచ్‌తో తిట్లు తింటున్నాడు. ఆపేయమనాలా?

జవాబు: ఆపమనకండి, ఏం చూడాలో చెప్పండి. లామెలో రీబౌండ్ పట్టాక మొదటి ఒకటి రెండు సెకన్లలో తల ఎటు తిప్పుతున్నాడో చూడమనండి, అది నేర్చుకోదగ్గది. ఒంటి కాలి త్రీలు వచ్చినప్పుడు ముందుకి జరిపేయమనండి. తర్వాత కేడ్ ఆడిన పూర్తి మ్యాచ్ ఒకటి పెట్టి, స్క్రీన్ దాటాక అతని పాదాలు మాత్రమే చూడమనండి, ఎక్కడ వేగం తగ్గిస్తున్నాడు, ఎక్కడ ఆగుతున్నాడు అని. హైలైట్స్ వీడియోల్లో ఆ ఆగడం కత్తిరించేస్తారు, అందుకే పూర్తి మ్యాచ్ అన్నాను. అతని టర్నోవర్లు కూడా అందులోనే కనపడతాయి, చాలావరకు గాల్లోకి లేచాక ఎవరికి వేయాలా అని వెతుక్కున్నప్పుడు జరిగేవే, మీవాడి కోచ్ తిట్టేది కూడా బహుశా దానికే అయ్యుంటుంది.